ఒకే చేను, ఒకే విషం, రెండు పురుగులు

నవంబరులో ఏ పత్తి చేలోకైనా వెళ్లి, పైకి నవనవలాడుతున్న పచ్చి కాయ ఒకటి తెంపి చీల్చి చూడండి. తొక్క మీద చెప్పుకోదగ్గ గాయం ఉండదు. లోపల మాత్రం ఒక గదిలో దూది గోధుమ రంగుకు తిరిగి, గింజల మధ్య అరంగుళం పొడవున గులాబీ రంగు పురుగు తాపీగా మేస్తూ కనిపించవచ్చు. చిన్న పిల్లపురుగుగా ఉన్నప్పుడే లోపలికి దూరింది, అది చేసిన కన్నం ఎప్పుడో పూడిపోయింది. ఇప్పుడు పైన ఏ మందు కొట్టినా దానికి తగలదు.

పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ విత్తనమే కదా వేసింది, మరి పురుగెలా వచ్చిందని రైతు అడుగుతాడు. విత్తనాల షాపులో జవాబు సిద్ధంగా ఉంటుంది: "బీటీకి పురుగు అలవాటు పడిపోయిందన్నా."

ఈ జవాబుతో ఒక చిక్కుంది. అదే చేలో, అవే కాయలు తినే శనగపచ్చ పురుగు ఎందుకు అలవాటు పడలేదు? అసలు బీటీ పత్తి వచ్చిందే ప్రధానంగా దానికోసం. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పైరెత్రాయిడ్ మందులు ఎన్ని కొట్టినా చావక పత్తిని ఊడ్చేసింది అదే. 1997–98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యల వెనకున్న అప్పుల్లో పురుగుమందుల డబ్బాల ఖర్చు ఎంతుందో ఆ తరానికి గుర్తే. 2002లో బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చాక శనగపచ్చ పురుగు బెడద బాగా తగ్గింది. తర్వాత కొన్ని చోట్ల కాస్త తట్టుకునే పురుగులు కనిపించినా, ఆ పాత స్థాయిలో మళ్లీ విజృంభించలేదు. గులాబీ పురుగు మాత్రం ఆరేడేళ్లలోనే ఆ విషాన్ని దాటేసింది. 2008లో గుజరాత్‌లోని అమ్రేలి నుంచి తెచ్చిన పురుగుల్లో మొదట ఈ సంగతి తేలింది, 2010లో విత్తన కంపెనీయే ఒప్పుకుంది. రెండు విషాలున్న బోల్‌గార్డ్-2 అప్పటికే 2006లో వచ్చేసింది. 2014, 2015 నాటికి గుజరాత్‌లో అదీ లొంగిపోయింది. 2017 వానాకాలం పంటకు మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర రైతులందరికీ విషయం అర్థమైంది.

ఒకే చేను, ఒకే విషం, రెండు రకాల ఫలితం. దీనికి జవాబు కావాలంటే పురుగు జన్యువులు, పత్తి మొక్క పునరుత్పత్తి, చుట్టుపక్కల చేలల్లో వేసే పంటలు, ఈ మూడింటినీ కలిపి చూడాలి.

విషం పనిచేసే తీరు

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియా. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు గుంపులుగా చచ్చిపోతుంటే ఇషివాతా అనే శాస్త్రవేత్త దీన్ని మొదట పట్టుకున్నాడు. 1911లో జర్మనీలోని తురింగియా ప్రాంతంలో పిండిపురుగుల్లో బెర్లినర్ అనే ఆయన మళ్లీ కనుగొన్నాడు, ఆ ప్రాంతం పేరే దానికి స్థిరపడింది. ఇది బీజాలు కట్టే దశలో ఒక ప్రోటీన్‌ని స్ఫటికాలుగా తయారు చేస్తుంది. గొంగళిపురుగు పేగులో క్షార గుణం ఎక్కువ, అందులో ఆ స్ఫటికం కరుగుతుంది. పేగులోని ఎంజైములు దాన్ని కత్తిరించి చురుకైన విషంగా మారుస్తాయి. ఆ విషం పేగు గోడ కణాల మీదున్న కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌కి తగులుకుని, కణాలకు రంధ్రాలు చేస్తుంది. కుండకు చిల్లి పడ్డట్టు పేగు కారిపోతుంది. పురుగు తిండి మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. మన కడుపులో ఆమ్లం ఉంటుంది, తగులుకోవడానికి ఆ గ్రాహకాలూ మనకు లేవు. అందుకే అది మన మీద పనిచేయదు. ఈ విషాన్ని తయారు చేసే జన్యువును పత్తి మొక్కలోకి చేర్చిందే బీటీ పత్తి.

కాడ్‌హెరిన్ అక్కడుంది బీటీ విషం వచ్చి తగులుకోవడానికి కాదు, పురుగు కణాల సొంత పనికోసం. ఆ ప్రోటీన్‌ని తయారు చేసే జన్యువు చెడిపోతే పురుగుకు సాధారణంగా కొంత నష్టమే: ఎదుగుదల మందగించవచ్చు, గుడ్లు తగ్గవచ్చు. బీటీ లేని లోకంలో అలాంటి పురుగు వెనకబడిపోతుంది. బీటీ ఉన్న లోకంలో మాత్రం విషం తగులుకునే చోటే దాని పేగులో లేదు.

ఇక అలవాటు పడటం సంగతి. ఒక పురుగు కొంచెం కొంచెం విషం తిని రాటుదేలి, ఆ బలాన్ని పిల్లలకు ఇవ్వదు. పేగుకు చిల్లి పడ్డ పురుగు చస్తుంది, అంతే. బతికినది పుట్టుకతోనే వేరే రకం. కోట్ల పురుగుల్లో జన్యువులు కాపీ అయ్యేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి. వాటిలో కొన్ని కాడ్‌హెరిన్ జన్యువులో పడతాయి. బీటీ పత్తి రాకముందు కూడా అవి పడుతూనే ఉన్నాయి, ఎవరికీ అవసరం రాలేదు. బీటీ ఆ తప్పులను పుట్టించలేదు, అవి ఉన్న పురుగులను మిగిల్చింది, లేనివాటిని తీసేసింది. డార్విన్ ప్రకృతి వరణం అన్నది సరిగ్గా దీన్నే. మారింది పురుగు కాదు, పురుగుల జనాభాలో ఏ రకం ఎంత శాతం అన్నది మారింది.

దీనికి మంచి సాక్ష్యం మన దేశపు పురుగుల్లోనే దొరికింది. ఇక్కడి చేలల్లో బీటీని తట్టుకున్న గులాబీ పురుగుల కాడ్‌హెరిన్ జన్యువును చదివితే, అది ఒకే రకంగా చెడి లేదు. ఎనిమిది రకాలుగా చెడినట్టు 2014లో ప్రచురించారు. ఒకే తప్పు ఒక చోట పుట్టి దేశమంతా పాకి ఉంటే ఇన్ని రకాలు ఉండవు. వేర్వేరు తప్పులు విడివిడిగా పుట్టాయి, ఒకే విషం వాటన్నిటినీ పైకి తెచ్చింది. బోల్‌గార్డ్-2లోని రెండో విషం విషయంలో చెడింది మరో జన్యువు, కథ మాత్రం అదే.

పారేసిన చిన్న ప్యాకెట్

పురుగుకూ మనలాగే దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కాడ్‌హెరిన్ ప్రతి ఒకటి చెడినా, రెండోది బాగుంటే పేగు మీద గ్రాహకం తయారవుతుంది, విషం తగులుకుంటుంది, పురుగు చస్తుంది. రెండూ చెడితేనే బతుకుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అంతర్గత లక్షణం అంటారు. మొత్తం ఆట దీని మీదే నడుస్తుంది.

లెక్క చూద్దాం. ఆ జన్యువు ప్రతులు వెయ్యింటిలో ఒకటి చెడి ఉందనుకోండి (ఇది ఉదాహరణకు మాత్రమే). ఒకే పురుగులో రెండూ చెడినవి కలవడం పది లక్షల్లో ఒక్కసారి. ఒకటి మాత్రమే చెడినవి మాత్రం వెయ్యికి దాదాపు రెండు. అంటే చెడిన జన్యువుల్లో అత్యధికం బాగున్న జోడీ పక్కన దాక్కుని ఉంటాయి. బీటీ చేలో ఆ పది లక్షల్లో ఒకటి బతికి రెక్కల పురుగు అయిందనుకుందాం. ఇప్పుడది ఎవరితో జతకడుతుంది?

చుట్టూ బీటీయే ఉంటే, అక్కడ మిగిలినవన్నీ దానిలాగే రెండు ప్రతులూ చెడినవి. పిల్లలన్నీ విషాన్ని తట్టుకునేవే. పక్కనే నాన్ బీటీ పత్తి కొన్ని సాళ్లుంటే అక్కడి నుంచి విషం రుచి చూడని మామూలు రెక్కల పురుగులు వందల్లో లేస్తాయి. ఆ ఒక్కటి వీటిలో ఒకదానితో జతకడుతుంది. పిల్లలందరికీ ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి. బీటీ చేలో పడితే అవన్నీ చస్తాయి. చెడిన జన్యువు మళ్లీ అట్టడుగుకు వెళ్తుంది.

450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చింది ఇందుకే. చేనుచుట్టూ అయిదు సాళ్లు గానీ, 20 శాతం విస్తీర్ణం గానీ అవి వేయాలన్నది నిబంధన. ఎక్కువ మంది వేయలేదు. ప్యాకెట్ గట్టు మీదే ఉండిపోయేది, లేదా ఖాళీలు పూడ్చడానికి పనికొచ్చేది. చాలా ప్యాకెట్లలో విత్తనం మొలకే సరిగా రాని రకం, లేదా బీటీతో పాటు పూతకు రాని రకం అన్న ఫిర్యాదులూ ఉన్నాయి.

రైతుల్ని తప్పుపట్టడం తేలిక. నాకు మాత్రం అందులో న్యాయం కనిపించదు. రెండెకరాల కౌలు రైతుతో "పురుగులు తినడానికి అయిదు సాళ్లు వదిలెయ్" అంటే నష్టం ఈ ఏడాది అతనొక్కడిది, లాభం పదేళ్ల తర్వాత మండలం మొత్తానిది. పైగా పక్కవాడు వేయకపోతే తను వేసినా వ్యర్థం. ప్యాకెట్ మీద ఈ జత కట్టే లెక్క ఎవరూ రాసివ్వలేదు కూడా.

మరి శనగపచ్చ పురుగు విషయంలో ఎవరూ నాన్ బీటీ సాళ్లు వేయకపోయినా అది ఎందుకు లొంగి ఉంది? దాని తిండిలో ఉంది కిటుకు. కంది, శనగ, టమాటా, మిరప, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, వందకు పైగా మొక్కల మీద అది బతుకుతుంది. వీటిలో ఏదీ బీటీ కాదు. పత్తి పక్కన కంది వేసిన ప్రతి రైతూ, రబీలో శనగ వేసిన ప్రతి రైతూ తెలియకుండానే మామూలు పురుగుల్ని పెంచి చెడిన జన్యువును పలచన చేశాడు. గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే లోకం లేదు. బెండ, గోగు లాంటి పత్తి చుట్టాల మీద ఎప్పుడైనా కనిపించినా దాని సంసారమంతా పత్తి కాయలోనే. 1840లలో శాస్త్రవేత్తలు దీన్ని మొదట వర్ణించింది కూడా గుజరాత్‌లోని భరూచ్ పత్తిలో దొరికిన నమూనాల నుంచే. దేశంలో పత్తి 90 శాతానికి పైగా బీటీ అయిన రోజున ఈ పురుగుకు తలదాచుకునే చోటే లేకుండా పోయింది. బీటీలో బతకగలిగినవి మాత్రమే మిగలగల పరిస్థితి తయారైంది.

ఒక పురుగు ఏం తింటుందనే చిన్న విషయం ఒక సాంకేతికత ఆయుష్షును నిర్ణయించింది.

కాయలో గింజల లెక్క

తిండి ఒక్కటే కారణమైతే అమెరికాలోనూ ఇదే జరగాలి. అక్కడా గులాబీ పురుగుకు పత్తే దిక్కు. 1996లో అరిజోనాలో బీటీ పత్తి మొదలైంది. రైతులు నాన్ బీటీ సాళ్లు వేశారు, పదేళ్లు గడిచినా పురుగు విషాన్ని తట్టుకోలేదు. 2006 నుంచి వంధ్యం చేసిన రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి కోట్లలో వదిలారు. 2018లో అమెరికా ప్రభుత్వం తమ పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించింది. అదే విషం, అదే పురుగు.

క్రమశిక్షణలో తేడా సరే, విత్తనంలోనూ తేడా ఉంది. దీని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. అక్కడ వేసేవి సూటి రకాలు, మనవి రెండు రకాల్ని సంకరం చేసి పుట్టించే హైబ్రిడ్లు. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4 ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి. అప్పటి నుంచి మనది హైబ్రిడ్ దారే. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం పూట చూస్తే ఆ పని తెలుస్తుంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటితో పూరేకుల్ని, కేసరాల గొట్టాన్నీ ఒలిచేసి, అండాశయం మీద కీలాగ్రం మాత్రం మిగులుస్తారు. తెల్లారాక మగ వరుస పూలు తెచ్చి పుప్పొడి రుద్దుతారు. క్రాసింగ్ అంటారు దీన్ని. ఒక్కో మొగ్గకూ విడివిడిగా చేతితోనే.

ఇలా తయారైన హైబ్రిడ్‌లో సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకరికే బీటీ జన్యువు ఉంటుంది. కాబట్టి రైతు కొన్న విత్తనం నుంచి వచ్చిన మొక్కలో బీటీ ఒక్క ప్రతే. సూటి రకంలో రెండు ప్రతులు. మొక్క ముదిరేకొద్దీ, ముఖ్యంగా వంద రోజులు దాటాక, కణాల్లో బీటీ విషం మోతాదు తగ్గుతుందని మన దేశంలోనే కొలిచి చూశారు. గులాబీ పురుగు ఉధృతంగా వచ్చేది కూడా అప్పుడే. మోతాదు తగ్గితే ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి ఉన్న పురుగు కూడా బతికిపోవచ్చు. పైన చెప్పిన జత లెక్కంతా ఆ మధ్య రకం పురుగులు చస్తాయన్న నమ్మకం మీదే నిలబడింది.

గింజ సంగతి ఇంకా విచిత్రం. కాయ తొక్క తల్లి మొక్కది. దూది కూడా తల్లిదే: ఒక్కో పోగు, గింజ పైతోలు మీది ఒక్క కణం సాగి సాగి రెండు మూడు సెంటీమీటర్లు పెరిగింది. లోపలి పిండం మాత్రం తర్వాతి తరం. తల్లి పుప్పొడి, తల్లి అండం రెండిట్లోనూ బీటీ ఉంటుందో ఉండదో బొమ్మా బొరుసే. బోల్‌గార్డ్-2లో రెండు బీటీ జన్యువులు క్రోమోజోముల మీద వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి, మెండెల్ బఠాణీల్లో చూసిన 9:3:3:1 లెక్క పత్తికాయలోనే కనిపిస్తుంది. ప్రతి 16 గింజలకు సగటున తొమ్మిదిట్లో రెండు విషాలూ, మూడింట్లో మొదటిదే, మూడింట్లో రెండోదే, ఒకదాంట్లో ఏదీ ఉండదు. కాయలో ముప్పై గింజలుంటే దాదాపు రెండు గింజలు విషం లేనివే. ఆకు తినే పురుగుకు ఇది సంబంధం లేని విషయం. గులాబీ పురుగు తినేది గింజనే. ఒక గింజలో పూర్తి మోతాదు, పక్క గింజలో సగం, ఆ పక్కదాంట్లో సున్నా. మధ్య రకం పురుగులకు ఇంతకంటే మంచి భోజనం ఉండదు. పత్తి శాస్త్రవేత్త కేశవ్ క్రాంతి లాంటివారు చాలాకాలంగా ఎత్తిచూపుతున్న విషయం ఇది. నిరోధకత పెరగడంలో దీని వాటా ఎంత అన్నది వాదించుకోవచ్చు గానీ, దిశ ఎటన్నది మాత్రం తేటతెల్లం.

ఇక్కడే చైనా ఉదాహరణ తమాషాగా ఉంటుంది. యాంగ్జీ లోయ రైతులు కూడా హైబ్రిడ్ బీటీయే వేశారు, నాన్ బీటీ సాళ్లూ వేయలేదు. పురుగులో నిరోధకత మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఆ తర్వాత ఖర్చు తగ్గుతుందని హైబ్రిడ్ రెండో తరం విత్తనం వేయడం ఎక్కువైంది. రెండో తరంలో, ఒక బీటీ జన్యువున్న చోట, నాలుగు మొక్కల్లో ఒకటి పూర్తిగా నాన్ బీటీ. అంటే చేనులోనే 25 శాతం నాన్ బీటీ సాళ్లున్నట్టే, ఎవరూ చెప్పకుండా, చెల్లాచెదురుగా. నిరోధకత వెనక్కి తగ్గింది. 2017లో ఈ ఫలితాలు ప్రచురించారు.

అవే మెండెల్ నిష్పత్తులు మన దగ్గర ముంచాయి, వాళ్లకు మేలు చేశాయి అంటే గందరగోళంగా ఉంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ విడిపోయింది మొక్కల మధ్య. నాన్ బీటీ మొక్క ఆకు నుంచి తొక్క దాకా నాన్ బీటీ కాబట్టి, దాని మీద మామూలు పురుగులు నిక్షేపంగా పెరిగి రెక్కలతో లేస్తాయి. మన చేలో విడిపోయింది ఒకే కాయలోని గింజల మధ్య. మామూలు పిల్లపురుగు తల్లి తొక్క తొలుచుకుని రావడంలోనే విషం తింటుంది, మిగిలినవాటికి మిశ్రమ భోజనం.

ఇప్పుడు మన దగ్గర నాన్ బీటీ గింజల్ని విడిగా ఇవ్వకుండా బీటీ ప్యాకెట్‌లోనే కలిపి అమ్ముతున్నారు. ఆలోచన మంచిదే, గులాబీ పురుగు ఒక మొక్క నుంచి మరో మొక్కకు పెద్దగా పోదు కాబట్టి దీనికి సరిపోతుంది కూడా. ఇబ్బంది కాలంతోనే. చెడిన ప్రతి వెయ్యిలో ఒకటిగా ఉన్నప్పుడు ఈ చిట్కా అద్భుతంగా పనిచేస్తుంది. చేలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం తట్టుకునేవే అయ్యాక, పలచన చేయడానికి మామూలు పురుగులే కరువు. మరో కొత్త బీటీ జన్యువు వచ్చినప్పుడు మాత్రం మొదటి రోజు నుంచే ఇది ఉండాలి.

ఈలోగా పనికొచ్చేది జన్యువులతో సంబంధం లేని ఉపాయం: ఆకలి. చలికాలంలో ఆఖరి తరం పురుగులు గింజల్లో, ఎండిన కాయల్లో, పత్తికట్టెలో, జిన్నింగ్ మిల్లుల గింజల కుప్పల్లో నిద్రావస్థలోకి వెళ్తాయి. వేసవి వానలకు లేచి రెక్కల పురుగులుగా వచ్చేసరికి చేలల్లో మొగ్గ లేకపోతే వాటి తరం అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి 150 రోజుల్లో అయిపోయే రకం, డిసెంబరు కల్లా ఆఖరి తీత, వెంటనే కట్టె తీసేయడం, మిల్లుల చుట్టూ లింగాకర్షక బుట్టలు, మే నెలలో ముందస్తు పత్తి వేయకపోవడం. వ్యవసాయ శాఖ ఏటా చెప్పేదీ ఇదే. జనవరిలో మరో రెండు క్వింటాళ్లు వస్తాయన్న ఆశ, రెండో పంటకు నీళ్లు లేకపోవడం, కట్టె తీయించడానికి కూలీ ఖర్చు, ఇవే అడ్డం. తెలంగాణలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి ఎక్కువగా వానాధారం మీదే ఉంది. అక్కడ ఫిబ్రవరి దాకా చేలో నిలబడ్డ మొక్క రైతుకు అదనపు తీత, పురుగుకు మరో రెండు తరాలు.